కథ అయిపోయింది సరే, తర్వాతేటయింది?

హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలనూ టీవీ ధారావాహికగా మొదటినుంచీ మళ్లీ తీస్తామని అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ 2023లో ప్రకటించింది. దాంతో ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లల్లో ఆ పుస్తకాలు ఇప్పుడు చదువుతున్న పిల్లలకూ, పదిహేనేళ్ల కిందట చదివేసిన అక్కలూ అన్నలకూ మధ్య పాత తగువొకటి మళ్లీ లేస్తోంది. దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ చచ్చాక హ్యారీ ఏం చేశాడు? ఆఖరి ఏడాది బడికే వెళ్లనివాడికి ఉద్యోగం ఎవరిచ్చారు? సర్టిఫికెట్ లేకపోతే హోంగార్డు పోస్టుకైనా దరఖాస్తు తీసుకోరని తెలిసిన ఊళ్లలో ఇది చిన్న ప్రశ్నేం కాదు.

ఒకరు 'ఆరర్ అయ్యాడు, దుష్ట మాంత్రికుల్ని పట్టుకునే పోలీసు' అంటారు. ఇంకొకరు 'ఏ పేజీలో ఉంది చూపించు' అంటారు. మూడోవారు 'నాటకంలో ఉంది కదా' అంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. అయినా తగువు తెగదు, ఎందుకంటే ముగ్గురూ మూడు వేరువేరు చోట్లనుంచి సాక్ష్యం తెస్తున్నారు.

పుస్తకంలో ఉన్నది, రచయిత్రి తర్వాత చెప్పినది, మనం ఊహించినది

ఏడో పుస్తకం 2007 జులై 21న వచ్చింది. దాని చివర 'పంతొమ్మిదేళ్ల తర్వాత' అంటూ ఒక చిన్న అధ్యాయం ఉంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద హ్యారీ, జిన్నీ, వాళ్ల ముగ్గురు పిల్లలు; అతని స్నేహితులు రాన్, హెర్మయోనీ, వాళ్ల ఇద్దరు పిల్లలు; కాస్త దూరంలో బడినాటి ప్రత్యర్థి డ్రాకో మాల్ఫోయ్, అతని కొడుకు. తోటి విద్యార్థి నెవిల్ అదే బడిలో ప్రొఫెసర్ అయ్యాడని మాటల మధ్యలో తెలుస్తుంది. హ్యారీ ఉద్యోగం ఏమిటో ఆ అధ్యాయంలో లేదు.

ఉద్యోగం సంగతి జె.కె. రోలింగ్ ఆ ఏడాదే ముఖాముఖిల్లో చెప్పారు. హ్యారీ, రాన్ చదువు పూర్తిచేయకుండానే మాంత్రికుల ప్రభుత్వమైన మంత్రిత్వ శాఖలో చేరారు. హెర్మయోనీ మాత్రం వెనక్కి వెళ్లి ఆఖరి ఏడాది చదివింది. రాన్ తర్వాత అన్న దుకాణంలోకి వెళ్లిపోయాడు. హెర్మయోనీ వెళ్లి చదువుకుందంటే ఎవరికీ ఆశ్చర్యం కలగదు లెండి. మూడో సాక్ష్యం 2016లో లండన్‌లో ప్రదర్శనకు వచ్చిన నాటకం, 'హ్యారీ పాటర్ అండ్ ద కర్స్‌డ్ చైల్డ్'. దాని కథను రోలింగ్, జాక్ థోర్న్, జాన్ టిఫనీ కలిసి అల్లారు. నాటకం రాసింది థోర్న్.

కథలో నిజంగా జరిగినట్టు పాఠకులందరూ ఒప్పుకునే భాగాన్ని అభిమానులు 'కానన్' అంటారు. ఎవరికి వారు మనసులో ఖాయం చేసుకున్నది 'హెడ్‌కానన్'. ఆ ఊహను కథగా రాస్తే 'ఫ్యాన్ ఫిక్షన్'. చెప్పుకోవడానికి తేలికే గానీ, కానన్ ఎక్కడ ఆగుతుందన్న దగ్గరే అందరూ విడిపోతారు. పుస్తకం వరకే అనేవాళ్లున్నారు. రచయిత్రి నోటివెంట వచ్చిందంతా అనేవాళ్లున్నారు. నాటకానికి పెద్ద చిక్కే ఉంది: ఐదో పుస్తకంలో మంత్రిత్వ శాఖలోని కాలచక్రాలన్నీ (గతంలోకి తీసుకెళ్లే పరికరాలు) పగిలిపోతాయి, నాటకం మొత్తం ఎక్కడినుంచో దొరికిన మరో కాలచక్రం మీద నడుస్తుంది. గట్టి అభిమానులు చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడానికి అదొక కారణం. నా మట్టుకు నాటకం మంచి నాటకమే. ఏడు పుస్తకాల్లో లేని చిక్కుముడిని తెచ్చి ఏడు పుస్తకాల మెడకు కట్టడం మాత్రం నచ్చలేదు.

వదిలేసిన ఖాళీలన్నీ ఒకలాంటివి కావు

తర్వాత ఏమైందన్న ప్రశ్న కథ వదిలిన ఖాళీలోంచి పుడుతుంది. హ్యారీ కథలో ఖాళీకి రెండు గట్లూ ఉన్నాయి. ఈ గట్టున యుద్ధం ముగిసిన రోజు, ఆ గట్టున పంతొమ్మిదేళ్ల తర్వాతి ప్లాట్‌ఫారం. మధ్యలో ఎంతైనా ఊహించుకోవచ్చు, కానీ ఊహ ఆ రెండో గట్టుకు చేరి తీరాలి. రాన్‌కీ హెర్మయోనీకీ పెళ్లి కాలేదని రాస్తే అది కొనసాగింపు అవదు, వేరే కథ అవుతుంది. ఆ చివరి అధ్యాయం మీద కొందరికి కోపం ఎందుకంటే ఇందుకే: పెళ్లిళ్లూ పిల్లల పేర్లూ అన్నీ రచయిత్రే తేల్చేసి, ఊహించడానికి ఏమీ మిగల్చలేదని. అదే అధ్యాయం మరికొందరికి ప్రాణం. ఏడు పుస్తకాలపాటు చావులు చూసిన పిల్లలకు, వీళ్లు బతికి బట్టకట్టారు, వీళ్లకూ పిల్లలు పుట్టారు అని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా.

నార్నియా కథల్లో ఖాళీ ఇంకోలా ఉంటుంది. సి.ఎస్. లూయిస్ 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున ఏడు పుస్తకాలు తెచ్చారు. ఇంగ్లండు నుంచి ఒక బీరువాలోంచి మాయాలోకంలోకి వెళ్లిన నలుగురు తోబుట్టువులు పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ. ఆఖరి పుస్తకంలో ఒక రైలు ప్రమాదం జరుగుతుంది. పీటర్, ఎడ్మండ్, లూసీ, వాళ్ల అమ్మానాన్నలు, స్నేహితులు అందరూ అందులో పోయి, అస్లాన్ అనే సింహం ఏలే శాశ్వత లోకంలో కళ్లు తెరుస్తారు. కథ వాళ్ల ఆనందంతో ముగుస్తుంది. సూసన్ మాత్రం వాళ్లలో లేదు. ఆమెకిప్పుడు నార్నియా పట్టదు, మేజోళ్లూ లిప్‌స్టిక్కూ విందు పిలుపులూ తప్ప మరో ధ్యాస లేదని మిగతావాళ్లు నాలుగు మాటలు అనుకుని వదిలేస్తారు.

ఆ నాలుగు మాటల మీద డెబ్బై ఏళ్లుగా వాదన నడుస్తోంది. పెద్దదైనందుకు, ఆడపిల్ల అలంకరించుకున్నందుకు శిక్ష వేశారని ఒక పక్షం. తను కళ్లారా చూసిన లోకాన్ని చిన్ననాటి ఆట అని కొట్టిపారేసింది ఆమే, లిప్‌స్టిక్ దానికి గుర్తు మాత్రమే అని రెండో పక్షం. ఈ రెండో పక్షానికి లూయిస్ ఉత్తరమొకటి అండగా ఉంది. ఆమె ఇంకా బతికే ఉంది, మారడానికి బోలెడు సమయం ఉంది అని ఆయన 1957లో ఒక పిల్లవాడికి రాశారు. అంటే ద్వారం మూయలేదని ఆయనే ఒప్పుకున్నారు, కానీ ఆ ద్వారం అవతలికి తాను వెళ్లలేదు.

ఇక్కడ నాకు ఎక్కువ పట్టేది ఆ వాదన కన్నా, ఆ మర్నాడు. కథ ప్రకారం ఇరవై ఏళ్లు దాటిందో లేదో, సూసన్‌కి ఒక్కరోజులో అమ్మ, నాన్న, అన్న, తమ్ముడు, చెల్లెలు లేకుండా పోయారు. పుస్తకం చదివే చాలామంది ఆ రైలును స్వర్గానికి తలుపుగా చూసి ముందుకు వెళ్లిపోతారు. హావ్‌డా-చెన్నై లైను పక్కన పెరిగిన పిల్లలు అలా వెళ్లలేరేమో. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా పోయారు. ఆ రైలు బరంపురం మీదుగా వెళ్లేదే. ఎవరిదో తేలని మృతదేహాలు నెలల తరబడి భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఉన్నాయి. ఆ రోజులు చూసిన ఇంట్లో పిల్ల సూసన్ కథ ఊహిస్తే మొదట అడిగేది ఆమె మళ్లీ నార్నియా వెళ్లిందా అని కాకపోవచ్చు. వాళ్లను గుర్తుపట్టడానికి ఎవరు వెళ్లారు? కర్మకాండ ఎవరు చేశారు? ఆ ఇంటి తాళం ఎవరి దగ్గరుంది? లూయిస్ రాసిన దానిలో ఒక్క అక్షరమూ మార్చకుండా వేసే ప్రశ్నలివి. పుస్తకం చెప్పిన దాన్ని పూర్తిగా నమ్మితేనే ఇవి పుడతాయి కూడా.

మూడో రకం ఖాళీ మనుషులది కాదు, ఆ లోకపు ఏర్పాట్లది. హ్యారీ గెలిచాడు సరే, జీతం లేకుండా వంటింట్లో చాకిరీ చేసే ఎల్ఫ్‌ల గతేంటి? ఇలాంటివి పిల్లల కన్నా పెద్దయ్యాక మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ అడుగుతారు.

ముగించిన రచయితే వెనక్కి వచ్చినప్పుడు

రచయిత ఆపితే కథ ఆగుతుందా అంటే, ఎల్. ఫ్రాంక్ బామ్ ఆపాలని చూశారు. 1900లో మొదలైన ఓజ్ కథలు రాసిరాసి విసిగి, 1910లో ఆరో పుస్తకం చివర ఓజ్ దేశం ఇక బయటి లోకానికి కనబడకుండా మాయమైపోయిందని, అక్కడినుంచి కబురు రాదని రాసేశారు. పిల్లలు ఊరుకోలేదు, ఉత్తరాలు ఆగలేదు. 1913లో ఆయన ఏడో పుస్తకంతో తిరిగి వచ్చారు. ఓజ్ నుంచి కబురెలా అందిందయ్యా అంటే వైర్‌లెస్ టెలిగ్రాఫ్ ద్వారా. ఆ ఉపాయం ఇచ్చింది పిల్లల్లో ఒకరేనని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నారు. రచయిత వేసిన గడియను పాఠకులు తీసిన సందర్భం ఇంత స్పష్టంగా మరోచోట దొరకదు. బామ్ 1919లో పోయాక ప్రచురణకర్తలు ఆ పని రూత్ ప్లమ్లీ థాంప్సన్‌కు అప్పగించారు. బామ్ రాసినవి 14 అయితే, ఆమె 1921 నుంచి 19 రాశారు.

ఎర్త్‌సీ అనే ద్వీపాల లోకపు కథలు రాసిన అర్సులా లె గ్విన్ సంగతి వేరు. ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. ఎర్త్‌సీ మూడు పుస్తకాలు 1972 కల్లా అయిపోయాయి. మహామాంత్రికుడు గెడ్ తన శక్తినంతా లోకాన్ని నిలబెట్టడానికి ఖర్చుపెట్టేశాడు, కథ నిండుగా ముగిసింది. 1990లో ఆమె నాలుగోది రాశారు. అందులో గెడ్‌కు మంత్రం లేదు, సిగ్గుతో దాక్కుంటాడు. కథ నడిపేది రెండో పుస్తకంలో చిన్నపిల్లగా ఉన్న తెనార్. ఇప్పుడామె మొగుడు పోయిన రైతు. పాత పుస్తకాల్లో ఆడవాళ్ల మంత్రాన్ని చులకనగా చూసిన లోకాన్ని లె గ్విన్ తానే తిరిగి వచ్చి ఆడవాళ్ల వైపునుంచి చూపించారు. సంఘటనలేవీ మార్చలేదు, కానీ పాత పుస్తకాలు మళ్లీ చదివితే వేరేలా కనిపిస్తాయి. కొనసాగింపు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి నేను వాడే కొలత కూడా ఇదే.

రచయిత మాటే ఆఖరి మాటా?

హ్యారీ బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ స్వలింగ ఆకర్షణ గలవాడని 2007 అక్టోబరులో రోలింగ్ న్యూయార్క్ సభలో చెప్పారు. రాన్-హెర్మయోనీ జోడీ తన కోరిక కొద్దీ కుదిర్చినది, నిజానికి అతికేది కాదేమోనన్న అర్థంలో 2014లో ఒక ముఖాముఖిలో అన్నారు. ఈ రెండూ పుస్తకం బయటి మాటలే. మొదటిది పుస్తకంలో ఉన్నదానికి అడ్డురాదు, ఖాళీని నింపుతుంది. రెండోది పుస్తకంలో ఉన్నదాన్నే తప్పుపడుతుంది. రచయిత మాటకు ఒకే బరువు ఇస్తానంటే రెండూ ఒప్పుకోవాలి. అప్పుడు ప్లాట్‌ఫారం మీద ఆ ఇద్దరు పిల్లలు ఎవరి పిల్లలు?

రచయిత పక్షాన గట్టి వాదనే ఉంది. ఆ లోకాన్ని కట్టినవారికి రాయని సంగతులు వందలు తెలుసు. పుస్తకంలో కనబడేది వాటిలో కొంతే, కాబట్టి అడిగితే చెప్పే హక్కు వాళ్లకుంది. అవతలి పక్షం 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ గట్టిగా చెప్పినది: అచ్చయ్యాక పాఠ్యానికి అర్థం చదివేవాళ్ల దగ్గర పుడుతుంది, రచయిత ఉద్దేశం దానికి తాళంచెవి కాదు. పిల్లలు బార్త్‌ను చదవరు గానీ 'ఏ పేజీలో ఉంది చూపించు' అనడంలో సగం బార్త్ ఉన్నాడు.

భారతం, బేతాళుడు, మహేంద్రగిరి

ఆపిన చోటినుంచి ఇంకొకరు అందుకోవడం మనకు కొత్తేం కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, తిక్కన ఆ మిగులు ముట్టకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా వెళ్లాడు. ఆ మధ్య ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఎలా? తన పేరు మీద కాదు. మూడు వందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితమిస్తూ, నన్నయే రాసినట్టుగా. నన్నయ శైలిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన శైలిలోకి జారి రెండింటికీ అతుకు కనబడకుండా చేశాడని విమర్శకులు మెచ్చుకుంటారు. మరొకరి గొంతుతో కథ పూర్తిచేయడంలో ఇంతకన్నా నిగ్రహం చూపినవాళ్లు అరుదు.

ఒడిశా వైపు దారి దీనికి పూర్తిగా ఎదురు. పదిహేనో శతాబ్దపు సారళా దాసు ఒడియా మహాభారతంలో వ్యాసుడి దగ్గర లేనివి ధారాళంగా చేర్చాడు. తొమ్మిది జీవుల అంగాలు కలిసిన నవగుంజర రూపంలో కృష్ణుడు అర్జునుడికి కనిపించడం అతని కల్పనే. పట్టచిత్రాల్లో ఆ బొమ్మ మన ఇళ్లల్లోనూ కనిపిస్తుంది. అంతకన్నా మన ప్రశ్నకు దగ్గరిది ఇంకొకటుంది. కృష్ణుడు పోయాక ఏమైంది? సారళా దాసు కథలో ఆ దేహం చితిలో కాలదు. సముద్రంలో వదిలితే అదే చివరికి పూరీ జగన్నాథుడవుతుంది. ఒక ఇతిహాసం ముగింపును తన ప్రాంతపు దేవుడి మొదలుకు కలిపేశాడు. సరిహద్దు తెలుగువాళ్లు ఎర్రన పద్ధతీ సారళా దాసు పద్ధతీ రెండూ వింటూ పెరుగుతారు. ఒకటి అసలుకు కట్టుబడడం, రెండోది అసలును తమ ఊరికి తెచ్చుకోవడం.

పిల్లల వైపు వస్తే 'చందమామ' బేతాళ కథలు చాలు. పాత సంస్కృత కథలు ఇరవై ఐదే. చివరి దానికి రాజు జవాబు చెప్పలేక మౌనం వహిస్తాడు, బేతాళుడు మెచ్చి భిక్షువు కుట్ర బయటపెడతాడు, కథ ముగుస్తుంది. 'చందమామ' ఆ ముగింపును పక్కనపెట్టి, కొత్త చిక్కుప్రశ్నలతో దశాబ్దాల తరబడి బేతాళుణ్ణి చెట్టెక్కిస్తూనే ఉంది. ఆ పత్రిక ఒడియాలో 'జహ్నమాము'గా వచ్చేది కాబట్టి, తెలుగు మాట్లాడుతూ ఒడియా చదివే పిల్లలకూ ఆ రాజు అలాగే తెలుసు.

గజపతి జిల్లా మహేంద్రగిరిని కూడా మర్చిపోకూడదు. రామాయణంలోనూ భారతంలోనూ కనిపించి, రెండు కథలూ ముగిశాక కూడా చావులేకుండా మిగిలిన పరశురాముడు ఉండేది ఆ కొండమీదేనని నమ్మకం. తర్వాతేటయింది అని నేరుగా వెళ్లి అడగడానికి మనకో పాత్ర మిగిలింది.

అయితే ఈ పోలికను ఎక్కువ లాగకూడదు. భారతానికి రాయల్టీ అందుకునే వారసులెవరూ లేరు. ఒకే మనిషి కల్పించి అమ్మిన కథను కొనసాగించడంలో చట్టం కూడా ఉంది.

పర్లాకిమిడి పిల్ల రాసిన మూడు కథలు, చట్టం

పర్లాకిమిడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తి తెలుగులో మూడు కథలు రాసిందనుకుందాం.

మొదటిది హ్యారీ చిన్న కూతురు లిలీ బడిలో చేరిన ఏడాది గురించి. నోటుబుక్కులో రాసుకుని స్నేహితులకు చూపిస్తే ఎవరూ పట్టించుకోరు. సొంత వాడకానికి చట్టంలోనే వెసులుబాటు ఉంది. పుస్తకంగా అచ్చేసి అమ్మితే సంగతి మారుతుంది. రోలింగ్ మన మధ్యే ఉన్నారు. భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచయిత జీవించినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఇదివరకు ఇది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు ముగిసే వేళకు 60కి పెంచారు.

రెండోది మహేంద్రగిరి మీద పరశురాముడు నడిపే మంత్రాల బడి గురించి. అనాథ పిల్లవాడు, ఇద్దరు స్నేహితులు, ఒక దుష్ట మాంత్రికుడు. హ్యారీ గుర్తొస్తాడా? రావచ్చు. కానీ ఆలోచన మీద, ఇతివృత్తం మీద కాపీరైట్ ఉండదని, వాటిని చెప్పిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. మంత్రాల బడి ఎవరి సొత్తూ కాదు. వాక్యాలు, ప్రత్యేకమైన పాత్రలు, సంఘటనల వరస ఎత్తుకొస్తేనే చిక్కు.

మూడోది సూసన్ కథ: రైలు ప్రమాదం మర్నాడు ఉదయం నుంచి. లూయిస్ 1963 నవంబరు 22న పోయారు. అరవై ఏళ్లు ఆ మరుసటి ఏడాది మొదటినుంచి లెక్కిస్తారు. అంటే 1964 నుంచి 2023 చివరిదాకా. ఆయన బతికుండగా అచ్చయిన నార్నియా పుస్తకాలకు భారత్‌లో కాపీరైట్ 2024 జనవరి 1 నాటికి తీరిపోయింది. ఈ పిల్ల సూసన్ పేరుతోనే, బీరువాతోనే, సింహంతోనే కథ రాసి పర్లాకిమిడిలో అచ్చు వేయించుకోవచ్చు. అట్టమీద నార్నియా పేరు పెద్దక్షరాల్లో వేసి అమ్మితే ట్రేడ్‌మార్కు ప్రశ్న వేరుగా వస్తుంది. అది కాపీరైట్‌లా గడువు తీరి దానంతటదే పోయేది కాదు.

అదే కథను ఆమె ఫోన్‌లో ఎక్కించి లోకమంతా చదివేలా పెడితే లెక్క దేశానికొకలా మారుతుంది. బ్రిటన్‌లో గడువు రచయిత మరణానంతరం 70 ఏళ్లు కాబట్టి లూయిస్ హక్కులు 2033 చివరిదాకా ఉంటాయి. అమెరికా ఆ కాలపు పుస్తకాలకు అచ్చయిన ఏడాదినుంచి 95 ఏళ్లు లెక్కిస్తుంది. సూసన్‌ను వదిలేసిన ఆఖరి పుస్తకం 1956ది. ఆమె తర్వాతి కథను అక్కడ అనుమతి అడగకుండా అచ్చు వేయాలంటే 2052 జనవరి దాకా ఆగాలి.